మండలం పేజీ తెరుచుకుంటోంది, లోపల మాత్రం ఖాళీ: రీరైట్ రూల్ గోల

బత్తాయి_బాక్సు
రెండు రాత్రులు పోయాయి, ఎవరైనా దారి చూపండి. నల్గొండ, పాలమూరు వైపు ఏ మండలంలో ఏ రోజు అంగడి, పశువులు వస్తాయా లేక కూరగాయలేనా, బస్టాండు నుంచి ఎంత దూరం, ఇవన్నీ పెట్టి చిన్న సైట్ చేశాను. మా నాన్న మేకల బేరానికి తిరిగిన రోజుల్లో రాసుకున్న నోట్‌బుక్కే దానికి మూలం.

అడ్రస్ చూడ్డానికి బాగుండాలని హెచ్‌టీయాక్సెస్‌లో (అపాచీ అనే వెబ్ సర్వర్ మన ఫోల్డర్‌లో చదివే సెట్టింగుల ఫైల్) రీరైట్ రూల్ రాశాను, అంటే అడిగిన అడ్రస్‌ని లోపల ఇంకో అడ్రస్‌గా మార్చే లైను. ఫైల్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మండల్.పీహెచ్‌పీ. మండల్/చండూరు అని అడిగితే లోపల మండల్.పీహెచ్‌పీ?పేరు=చండూరు నడవాలి. రూల్ ఇదీ:

రీరైట్‌రూల్ ^మండల్/([^/]+)/?$ మండల్.పీహెచ్‌పీ?పేరు=$1 [ఎల్,క్యూఎస్‌ఏ]

నా ల్యాప్‌టాప్‌లో గ్జాంప్ (సొంత కంప్యూటర్‌లోనే అపాచీ, పీహెచ్‌పీ నడిపే ప్యాకేజీ) మీద అంతా బాగానే ఉంది. హోస్టింగ్‌లోకి ఎక్కించాక పేజీ వస్తోంది, పైన హెడ్డింగ్ వస్తోంది, కింద "మండలం పేరు ఇవ్వలేదు" అని నేను రాసుకున్న మెసేజే నాకు కనిపిస్తోంది. 404 (పేజీ దొరకలేదు) కాదు, 500 (సర్వర్‌లో తప్పు) కాదు. ఎర్రర్ వచ్చినా పట్టుకునేవాణ్ణి.

గడియారం_సెంటర్
మాడ్ రీరైట్, అంటే ఈ రూల్స్‌ని నడిపే అపాచీ భాగం, ఆన్ అయి ఉందా? సొంత ఉబుంటు సర్వర్ అయితే ఏ2ఎన్‌మాడ్ రీరైట్ కొట్టి అపాచీ రీస్టార్ట్ చేయాలి.

మూడో_సెమిస్టర్
అలవ్‌ఓవర్‌రైడ్ చూశావా అన్నా, హెచ్‌టీయాక్సెస్‌ని పట్టించుకోవాలా వద్దా అని చెప్పే సెట్టింగ్. అపాచీ 2.4లో ఊరికే వదిలేస్తే అది నన్ అనే ఉంటుంది. అప్పుడు హెచ్‌టీయాక్సెస్‌లో రామాయణం రాసినా చదివే దిక్కుండదు.

బత్తాయి_బాక్సు
షేర్డ్ హోస్టింగ్ తమ్మీ, ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునేది, మెయిన్ కాన్ఫిగ్ నా చేతికి రాదు. అసలు నా ఫైల్‌ని చదువుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

గడియారం_సెంటర్
హెచ్‌టీయాక్సెస్ మొదటి లైన్లో "బత్తాయి" అని రాసి సేవ్ చెయ్. 500 వస్తే చదువుతున్నట్టు. మామూలుగా తెరుచుకుంటే దాని మొహం కూడా చూడట్లేదన్నట్టు.

బత్తాయి_బాక్సు
రాశా. 500 వచ్చింది. 500 చూసి సంతోషపడటం జీవితంలో ఇదే మొదటిసారి.

పిల్లలమర్రి_కింద
నల్గొండ బత్తాయి అపాచీకి అరగలేదన్నమాట. మా బాలానగర్ సీతాఫలం రాసి చూడు, 200 వస్తుంది.

సాగర్_ఎడమకాల్వ
ల్యాప్‌టాప్‌లో నడిచి సర్వర్‌లో నడవకపోతే నా మొదటి అనుమానం చిన్నబడి, పెద్దబడి అక్షరాల మీద. విండోస్‌కి ఫైల్ పేరులో పెద్ద ఏ అయినా చిన్న ఏ అయినా ఒకటే. లైనక్స్‌కి రెండూ వేర్వేరు ఫైళ్లు. మా రైస్‌మిల్లు లెక్కల సైట్‌లో ఒక్క పెద్ద అక్షరం కోసం ఒక ఆదివారమంతా ఎండిపోయింది. రూల్ చివర ఎన్‌సీ పెడితే సరిపోతుందనుకున్నా, కానీ అది అడ్రస్‌ని పోల్చేటప్పుడే చూస్తుంది, డిస్క్ మీది ఫైల్ పేరుకి అది వర్తించదు.

లాగు_మామ
అది అయితే 404 రావాలి కదా. ఇక్కడ పేజీ తెరుచుకుంటోంది. ఫైల్ దొరికింది, పేరు మాత్రం చేరలేదు. అందరూ రూల్ ఎందుకు నడవట్లేదని వెతుకుతున్నారు. నా అనుమానం, రూల్ దాకా రాకుండానే ఎవరో పని కానిచ్చేస్తున్నారు. ముందు లాగు చూడు.

పిల్లలమర్రి_కింద
మామ ఎవరు ఏం అడిగినా లాగు చూడమంటాడు. కొత్తవాళ్లు కంగారు పడకండి, ఆయన చెప్పేది సర్వర్ లాగ్ గురించి.

బత్తాయి_బాక్సు
ఎర్రర్ లాగ్‌లో ఏమీ లేదు మామా. రీరైట్ ట్రేస్ (రూల్ ఎలా నడిచిందో లాగ్‌లో రాయించడం) పెడదామంటే లాగ్‌లెవెల్ అనేది హెచ్‌టీయాక్సెస్‌లో కుదరదంట కదా.

లాగు_మామ
కుదరదు, సర్వర్ కాన్ఫిగ్‌లోనే పెట్టాలి. సరే, మండల్.పీహెచ్‌పీ మొదటి లైన్లో సర్వర్ వేరియబుల్స్ అన్నీ ప్రింట్ చేయించు. అందులో పాత్ ఇన్ఫో అనేది ఉందా, ఉంటే దానిలో ఏముందో చెప్పు.

ఇంజిన్‌ఎక్స్_భక్తుడు
ఇదంతా ఎందుకు? అపాచీ వదిలేసి ఇంజిన్‌ఎక్స్ అనే సర్వర్‌కి మారిపో. లొకేషన్ బ్లాక్, ఒక ట్రై ఫైల్స్ లైను, అయిపోయింది. ప్రతి రిక్వెస్ట్‌కీ ఫోల్డర్ ఫోల్డర్‌కీ దిగి హెచ్‌టీయాక్సెస్ ఉందా ఉందా అని వెతుక్కునే అలవాటే దానికి లేదు.

గడియారం_సెంటర్
షేర్డ్ హోస్టింగ్ అన్నాడు బాబూ. బస్సెక్కినవాడికి బండి మార్చమని సలహా ఇస్తున్నావు.

బత్తాయి_బాక్సు
మామా, దొరికింది! పాత్ ఇన్ఫోలో /చండూరు అని ఉంది. క్వెరీ స్ట్రింగ్ (ప్రశ్న గుర్తు తర్వాతి ముక్క) మాత్రం ఖాళీ. దీనర్థం ఏంటి?

లాగు_మామ
మల్టీవ్యూస్. హోస్టింగ్ వాళ్లు అది ఆన్ చేసి పెట్టారు. సంగతి ఇదీ. నువ్వు మండల్/చండూరు అడిగావు. మండల్ అనే ఫోల్డర్ లేదు, ఫైల్ కూడా లేదు. మల్టీవ్యూస్ ఆన్‌లో ఉంటే అపాచీ అంతటితో ఊరుకోదు, మండల్ చుక్క ఏదైనా ఉందా అని వెతుకుతుంది. మండల్.పీహెచ్‌పీ కనిపించింది, దాన్నే పట్టుకుంది, మిగిలిన /చండూరు ముక్కని పాత్ ఇన్ఫోలో పడేసింది. హెచ్‌టీయాక్సెస్‌లోని రూల్స్ వంతు వచ్చేసరికి నీ అడ్రస్ రూపమే మారిపోయింది. నీ రూల్‌లో తప్పు లేదు. ఫైల్ పేరూ అడ్రస్ మొదటి ముక్కా ఒకటే కావడమే తప్పు.

పైన ఒక లైన్ పెట్టు: ఆప్షన్స్ -మల్టీవ్యూస్. గ్జాంప్‌లో అది మామూలుగా ఆన్‌లో ఉండదు, అందుకే నీ ల్యాప్‌టాప్‌లో బాగుంది.

మూడో_సెమిస్టర్
నాలుగేళ్ల కోర్సులో ఈ పేరే ఎవరూ చెప్పలేదు.

పిల్లలమర్రి_కింద
నీ హ్యాండిల్‌లో మూడో సెమిస్టర్ అని ఉంది, నాలుగేళ్లు ఎప్పుడు అయ్యాయి?

మూడో_సెమిస్టర్
హ్యాండిల్ పెట్టినప్పుడు మూడోది. బ్యాక్‌లాగ్స్ గురించి మాట్లాడొద్దు.

బత్తాయి_బాక్సు
ఆ లైన్ పెట్టగానే సైట్ మొత్తం 500. ఇప్పుడు లాగ్‌లో దొరికింది, ఆప్షన్స్ ఇక్కడ వాడటానికి వీల్లేదు అని. హోస్టింగ్ వాళ్లకి టికెట్ పెడితే "మా వైపు అంతా సరిగ్గానే ఉంది" అని రెండు నిమిషాల్లో మూసేశారు.

లాగు_మామ
ఆ లైన్ తీసెయ్, ఫైల్ పేరు మార్చు. మండల్_చూపు.పీహెచ్‌పీ అను, ఏదైనా అను. మండల్ పక్కనే చుక్క లేకపోతే మల్టీవ్యూస్‌కి పట్టుకోడానికి ఏమీ దొరకదు. రూల్‌లో కుడివైపు కూడా కొత్త పేరు రాయడం మర్చిపోకు.

బత్తాయి_బాక్సు
వచ్చింది!! చండూరు, దేవరకొండ, కోదాడ అన్నీ తెరుచుకున్నాయి. మామా, మీకు ఒక బస్తా బత్తాయిలు బాకీ.

బత్తాయి_బాక్సు
ఆగండి. అక్షరాలు వచ్చాయి కానీ రంగులు లేవు, బొమ్మలు లేవు. పేజీ కరెంటు బిల్లులా ఉంది.

గుంటమగ్గం
మా చీరల సైట్‌లో నాకూ ఇలాగే అయింది తమ్ముడూ. స్టైల్ ఫైల్ లింకు ముందు స్లాష్ లేకుండా రాసి ఉంటావు. బ్రౌజర్‌కి నీ రీరైట్ సంగతి తెలియదు. పేజీ మండల్/చండూరులో ఉందంటే మండల్ అనే ఫోల్డర్ నిజంగా ఉందనుకుని మండల్/స్టైల్.సీఎస్ఎస్ అని అడుగుతుంది. అది కూడా నీ రూల్‌కి సరిపోతుంది కాబట్టి, స్టైల్.సీఎస్ఎస్ అనే మండలంలో అంగడి ఏ రోజో నీ సైట్ వెతుకుతూ ఉంటుంది. లింకులన్నిటికీ ముందు స్లాష్ పెట్టు, సరిపోతుంది.

పిల్లలమర్రి_కింద
స్టైల్.సీఎస్ఎస్ మండలం, రెవెన్యూ డివిజన్ ఏదో.

బత్తాయి_బాక్సు
అక్కా, సరిగ్గా అదే. స్లాష్ పెట్టగానే రంగులు వచ్చాయి.

సాగర్_ఎడమకాల్వ
ఒక జాగ్రత్త. ([^/]+) అంటే స్లాష్ తప్ప ప్రపంచంలో ఉన్నదంతా లోపలికి రానిస్తుంది. కొటేషన్లు, బ్రాకెట్లు, అన్నీ. మండలాల పేర్లు తెలుగే కదా, [అ-హ]+ అని కట్టడి చెయ్. సెక్యూరిటీకి మంచిది.

బత్తాయి_బాక్సు
మంచి మాట చెప్పారు, ఇప్పుడే మారుస్తా.

బత్తాయి_బాక్సు
నాకు పిచ్చెక్కేలా ఉంది. సాగర్ అన్న చెప్పినట్టు మార్చాక గద్వాల తెరుచుకుంటోంది, వనపర్తి తెరుచుకుంటోంది, మక్తల్ తెరుచుకుంటోంది. చండూరు 404. నల్గొండ 404. ఆలంపూర్ 404.

పిల్లలమర్రి_కింద
అపాచీ పాలమూరు పక్షమని నేను ముందే అనుకున్నా.

తుంగభద్ర_ఇవతల
ఆలంపూర్ మాది. మా జిల్లాలోనే గద్వాలని రానిచ్చి మమ్మల్ని గేటు బయట ఆపడం ఏంటి?

లాగు_మామ
నవ్వొచ్చింది కానీ దీని వెనక లెక్క ఉంది, ఓపికగా చదవండి. అపాచీ ఈ నమూనాలని అక్షరాలుగా చూడదు, బైట్లుగా చూస్తుంది. అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకీ మూడు బైట్లు. [అ-హ] అని రాస్తే దానికి కనిపించేది ఆరు బైట్ల గుంపు. హెక్స్ లెక్కలో (9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా కూడా అంకెలే) "అ" చివరి బైటు 85. అక్కడి నుంచి "హ" మొదటి బైటు ఈ0 దాకా ఒక వరుస అనుకుంటుంది. ఆ వరుసలో పడే బైట్లన్నీ లోపలికి. 85 కంటే తక్కువవి బయటికి.

ఇప్పుడు సున్న చూడండి, దాని చివరి బైటు 82. పెద్ద ఈ గుణింతం 80. ఉకారం 81. ఊకారం 82. అంటే పేరులో సున్న గానీ, ఈ మూడు గుణింతాల్లో ఒకటి గానీ ఉంటే తలుపు మూసుకుంటుంది. చండూరులో సున్న ఉంది, ఊకారం ఉంది, ఉకారం ఉంది. మూడు పాపాలూ చేసింది. గద్వాలలో ఒక్కటీ లేదు.

తుంగభద్ర_ఇవతల
అంటే మాకు సున్న పెట్టారన్నమాట.

సాగర్_ఎడమకాల్వ
క్షమించు తమ్ముడూ, నా సలహా నీ మీద పడింది. నేను ఇంగ్లీషు అడ్రస్‌లకే అలా వాడాను, తెలుగులో ఇంత కథ ఉందని తెలియదు.

లాగు_మామ
ఆ జాగ్రత్త తప్పు కాదు, పెట్టిన చోటు తప్పు. రూల్‌లో ([^/]+) ఉంచుకో. వచ్చిన పేరుని పీహెచ్‌పీలో డేటాబేస్‌కి ఇచ్చేటప్పుడు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడు, అంటే పేరుని కమాండ్‌లో కలిపేయకుండా విడిగా పంపే పద్ధతి. లోపలికి వచ్చే సరుకుని తనిఖీ చేయాల్సింది అక్కడ. రీరైట్ నమూనాని వాచ్‌మన్‌గా పెట్టుకుంటే మనవాళ్లనే ఆపుతుంది.

గడియారం_సెంటర్
హెచ్‌టీయాక్సెస్‌లో తెలుగు అక్షరాలు రాసేవాళ్లు ఇంకోటి చూసుకోండి. ఫైల్‌ని యూటీఎఫ్-8లో బామ్ లేకుండా సేవ్ చేయాలి. పాత నోట్‌ప్యాడ్ ఫైల్ మొదట్లో మూడు కనిపించని బైట్లు చేర్చేది. మొదటి లైన్లో రీరైట్‌ఇంజిన్ ఆన్ అని కళ్ల ముందు కనిపిస్తుంటే "ఈ కమాండ్ నాకు తెలియదు" అని అపాచీ 500 ఇచ్చేది. మా ఆఫీసులో ఒకాయన ఆ లైన్‌ని పదిసార్లు చెరిపి పదిసార్లు టైప్ చేశాడు.

బత్తాయి_బాక్సు
పాత రూల్ పెట్టాను, అన్నీ తిరిగొచ్చాయి. ఇక చివరి సమస్య, ఇది నిజంగా దెయ్యం పనే. జిల్లా కేంద్రాలకీ పేజీలు ఉన్నాయి. మహబూబ్‌నగర్ పేజీ నా సైట్‌లో లింకు నొక్కితే వస్తుంది. మా బావ ఫోన్‌లో చేత్తో టైప్ చేస్తే "అలాంటి మండలం లేదు". రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాం, తేడా లేదు.

గుంటమగ్గం
పొల్లు వెనక చూడు. మహబూబ్ తర్వాత "నగర్" అతుక్కోకుండా ఉండాలంటే మధ్యలో కనిపించని అక్షరం ఒకటి పెట్టాలి, లేకపోతే బకారం కింద న ఒత్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. ఇంకొన్ని పదం చివరి పొల్లు తర్వాత కూడా ఒకటి వదిలేస్తాయి. మధ్యలో ఉన్నదైతే అక్షరం ఆకారంలో తెలుస్తుంది. చివర ఉన్నది మాత్రం ఎంత చూసినా కంటికి ఆనదు.

లాగు_మామ
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఎస్‌టీఆర్‌లెన్‌తో రెండిటి పొడవూ కొలువు, అది బైట్లు లెక్కపెడుతుంది.

బత్తాయి_బాక్సు
డేటాబేస్‌లో ఉన్నది 36. బావ టైప్ చేసింది 33. చివరి మూడు బైట్లు ఈ2, 80, 8సీ. నోట్‌బుక్ చూసి నేనే టైప్ చేశాను, నా చేతులతో నేనే దెయ్యాన్ని ఎక్కించాను.

మూడో_సెమిస్టర్
నేనూ కొలిచా. అసలు ఆ కనిపించని అక్షరమే లేకుండా ఒత్తు పడేలా రాస్తే 30. మహబూబ్, నగర్ మధ్య స్పేస్ కొడితే 31. ఒక్క ఊరికి నాలుగు కొలతలు.

పిల్లలమర్రి_కింద
అందుకే పెద్దలు పాలమూరు అన్నారు. 21 బైట్లు, ఒక్క పొల్లు లేదు, ఏ కీబోర్డులో కొట్టినా ఒకటే.

గడియారం_సెంటర్
మా నల్గొండ కూడా 21 బైట్లే. సమ ఉజ్జీ.

పిల్లలమర్రి_కింద
మరి పేపర్లలో నల్లగొండ అని వేస్తారే, అది 24. ముందు మీ పేరు మీరు తేల్చుకుని రండి.

గుంటమగ్గం
నవ్వుకోండి గానీ, నేను ఈ బాధ పడలేకే తెలుగు అడ్రస్‌లు తీసేశాను. అడ్రస్ బార్‌లో ముచ్చటగా కనిపిస్తుంది. కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టగానే చండూరు అన్న ఆరు గుర్తులూ శాతం గుర్తులతో కలిపి 54 అక్షరాల తోక అవుతుంది. మా కస్టమర్లు అది చూసి వైరస్ లింకు అనుకుని నొక్కేవాళ్లు కాదు. ఒకావిడ ఫోన్ చేసి "ఏంటమ్మా, చీర ఫోటో పంపమంటే తాంత్రిక మంత్రం పంపావు" అంది. ఇంగ్లీషు అక్షరాలకి మార్చాక ఆ గోల లేదు.

తుంగభద్ర_ఇవతల
నేను ఒప్పుకోను అక్కా. తెలుగు సైట్‌కి తెలుగు అడ్రస్ ఉంటేనే అందం. పైగా ఇంగ్లీషులో మాత్రం ఒక్క స్పెల్లింగ్ ఉందా? మహబూబ్‌నగర్‌కి బి తర్వాత ఓలు రెండు వేసేవాళ్లు ఉన్నారు, యు వేసేవాళ్లు ఉన్నారు, హెచ్ తర్వాత ఏ పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు. కనిపించని అక్షరం పోయి కనిపించే తగాదా వస్తుంది, అంతే.

లాగు_మామ
ఇద్దరిదీ నిజమే. అందుకని పేరుని నమ్ముకోవద్దు. ప్రతి మండలానికీ డేటాబేస్‌లో ఒక నంబర్ ఉంటుంది కదా, అడ్రస్‌లో అది పెట్టు. మండల్/41/చండూరు. రూల్ నమూనా ఇలా:

^మండల్/([0-9]+)(/.*)?$

నంబర్ ఒక్కటే లోపలికి తీసుకో. వెనక ఉన్న పేరు మనుషులు చదువుకోడానికి. అక్కడ పొల్లు పోయినా, స్పెల్లింగ్ మారినా, వాట్సాప్ సగం కోసేసినా 41 ఉంటే పేజీ వస్తుంది. అంకెలకి గుణింతాలు ఉండవు. వెతుకుడు పెట్టెలో టైప్ చేసిన పేర్లకి మాత్రం, పోల్చే ముందు ఆ కనిపించని అక్షరాలని రెండు వైపులా తీసేసి పోల్చు.

తుంగభద్ర_ఇవతల
సరే, ఇది బాగుంది. మరి జిల్లా పేరు కూడా ముందు పెడితే? గద్వాల/ఆలంపూర్ అన్నట్టు. వెతుక్కోడానికి తేలిక.

గుంటమగ్గం
వద్దు బాబూ, వద్దు. మాది పోచంపల్లి. 2014లో సైట్ పెట్టినప్పుడు అడ్రస్‌లన్నీ నల్గొండతో మొదలయ్యేవి. 2016 దసరాకి 10 జిల్లాలు 31 అయ్యాయి, మేం యాదాద్రి భువనగిరిలోకి వచ్చాం. దుకాణం కదల్లేదు, మగ్గం కదల్లేదు, అడ్రస్‌లు మాత్రం అన్నీ మారాయి. ప్రతి పాత అడ్రస్‌కీ ఒక రీడైరెక్ట్ రాశాను.

గడియారం_సెంటర్
మక్తల్ వాళ్లని అడగండి ఇంకా. 2016లో పాలమూరులోనే ఉన్నారు, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా అయ్యాక అటు వెళ్లారు. షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కి. ప్రభుత్వం గెజిట్ ఇస్తే నువ్వు హెచ్‌టీయాక్సెస్ ఎడిట్ చేసుకుంటూ కూర్చోవాలి.

సాగర్_ఎడమకాల్వ
అన్ని రీడైరెక్ట్‌లు ఉంటే రీరైట్‌మ్యాప్ వాడొచ్చు. ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది. కానీ మ్యాప్‌ని హెచ్‌టీయాక్సెస్‌లో డిక్లేర్ చేయడం కుదరదు, మెయిన్ కాన్ఫిగ్‌లోనో వర్చువల్ హోస్ట్‌లోనో ఉండాలి. షేర్డ్ హోస్టింగ్ వాళ్లకి ఆ యోగం లేదు. ఈసారి చూసుకునే చెప్తున్నా.

బత్తాయి_బాక్సు
జిల్లా వద్దు, అర్థమైంది. కానీ పాత లింకులు అంగడి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి, మండల్.పీహెచ్‌పీ?పేరు=చండూరు అని. వాటిని కొత్త అడ్రస్‌కి పంపడానికి ఇంకో రూల్ రాస్తున్నా.

లాగు_మామ
రీరైట్‌తో ఊరి సమస్యలన్నీ తీర్చాలనుకోకు. చండూరు నంబర్ 41 అని అపాచీకి ఎలా తెలుస్తుంది? డేటాబేస్ చూడాల్సిన పని పీహెచ్‌పీది. మండల్.పీహెచ్‌పీ పాత పేరుతోనే ఒక చిన్న ఫైల్ పెట్టు. పేరు తీసుకుని, నంబర్ వెతికి, కొత్త అడ్రస్‌కి 301 (ఇక ఎప్పటికీ అటే వెళ్లు అనే జవాబు) ఇచ్చి పంపేస్తుంది. నాలుగు లైన్లు.

మూడో_సెమిస్టర్
మామా, పాత పేరుతో ఫైల్ పెడితే మళ్లీ మల్టీవ్యూస్ పట్టుకోదా?

లాగు_మామ
శభాష్. నీకు బ్యాక్‌లాగ్స్ ఎందుకు ఉన్నాయో నాకు అర్థం కావట్లేదు. పట్టుకుంటుంది. అందుకని కొత్త అడ్రస్ మొదటి ముక్క మార్చెయ్. మండల్ కాకుండా అంగడి అని పెట్టు. అంగడి/41/చండూరు. అంగడి చుక్క అనే ఫైల్ మాత్రం ఏదీ పెట్టకు.

బత్తాయి_బాక్సు
అసలు మొదటి నుంచీ అదే పెట్టాల్సింది. సైట్ అంగడి గురించే కదా.

గుంటమగ్గం
301 అప్పుడే పెట్టకు తమ్ముడూ, ముందు తాత్కాలికం అని చెప్పే 302తో చూసుకో. 301 అంటే శాశ్వతం, బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుని మళ్లీ సర్వర్‌ని అడగదు. నేను ఒకసారి తప్పు పేజీకి 301 పెట్టాను. నిమిషంలో సర్దాను. నా ఫోన్లో బాగైంది, మా తమ్ముడి ఫోన్ మాత్రం పట్టు దుపట్టా నొక్కితే రిటర్న్ పాలసీ పేజీకే పోయేది. హిస్టరీ, క్యాష్ అన్నీ చెరిపితే గానీ వదల్లేదు. చెరిపినందుకు వాడి పాస్‌వర్డ్‌లు పోయాయని ఇప్పటికీ తిడతాడు.

సాగర్_ఎడమకాల్వ
ఈ రీడైరెక్ట్ రీరైట్‌లోనే రాస్తానని మొండికేసేవాళ్లకి ఒక మాట. పాతది కొత్తదానికి, కొత్తది లోపల మళ్లీ పాతదానికి అని రాస్తే రెండూ ఒకదాన్ని ఒకటి తరుముకుంటాయి. రూల్ చివర ఎల్ పెట్టాను కదా ఆగుతుంది అనుకోవద్దు. హెచ్‌టీయాక్సెస్‌లో ఎల్ ఆ విడతకే ఆపుతుంది, అడ్రస్ మారితే మళ్లీ మొదటి నుంచి మొదలు. లోపల్లోపలే తిరిగితే 10 సార్లు చూసి 500 ఇస్తుంది. 2.4లో ఎండ్ అనే ఫ్లాగ్ ఉంది, అది నిజంగా ఆపుతుంది. లేదా ద రిక్వెస్ట్ అనే వేరియబుల్ చూడాలి, అందులో బ్రౌజర్ మొదట అడిగింది అడిగినట్టే ఉంటుంది.

లాగు_మామ
అడిగింది అడిగినట్టే అంటే శాతం గుర్తులతో సహా. అందులోంచి తెలుగు పేరు తీసి రీడైరెక్ట్ చేస్తే ప్రతి శాతం గుర్తూ మళ్లీ %25 అయిపోతుంది. అప్పుడు అలా మారకుండా ఆపే ఎన్‌ఈ ఫ్లాగ్ పెట్టాలి. ఇందుకే పీహెచ్‌పీలో చెయ్యమన్నది.

ఇంజిన్‌ఎక్స్_భక్తుడు
నేనేమీ అనట్లేదు.

గడియారం_సెంటర్
అనకపోయినా వినిపించింది.

బత్తాయి_బాక్సు
అయిపోయింది. అంగడి/41 కొడితే చండూరు వస్తోంది. పాత లింకులు కొత్తవాటికి వెళ్తున్నాయి, ప్రస్తుతానికి 302, వారం ఆగి 301 చేస్తా. మహబూబ్‌నగర్ బావ ఫోన్లో కూడా వస్తోంది. డేటాబేస్ మొత్తం వెతికితే చివర కనిపించని అక్షరం ఉన్న పేర్లు పదకొండు దొరికాయి, అన్నీ పొల్లుతో అయ్యేవే. కడిగేశాను. మామా, బత్తాయిలు ఎక్కడికి పంపాలో చెప్పండి. అక్కకి కూడా.

పిల్లలమర్రి_కింద
సీతాఫలం మీద నేనిచ్చిన సలహాకి?

బత్తాయి_బాక్సు
నీకు 404.

తుంగభద్ర_ఇవతల
ఇప్పుడే సైట్ చూశా. లింకు బాగుంది, గబుక్కున తెరుచుకుంది, ఆలంపూర్ కూడా వచ్చింది. కానీ తమ్ముడూ, 58 నంబర్ పేజీ మా అత్తగారి ఊరు. అక్కడ అంగడి రోజు తప్పు వేశావు. నీ సైట్ చూసి వెళ్తే ఖాళీ మైదానంలో రెండు కుక్కలు పడుకుని ఉంటాయి.

బత్తాయి_బాక్సు
నాన్న నోట్‌బుక్‌లో బుధవారం అని ఉంది అన్నా.

తుంగభద్ర_ఇవతల
అప్పుడు బుధవారమే. రోజు మార్చి చాలా ఏళ్లయింది. ఇప్పుడు శుక్రవారం.

బత్తాయి_బాక్సు
మార్చాను, చూడండి. మిగతావి కూడా ఎవరి మండలం వాళ్లు ఒకసారి చూసి చెప్పండి. మా నాన్న పక్కనే కూర్చుని, బుధవారమే కరెక్ట్ అని ఇంకా వాదిస్తున్నాడు.